మట్టి మనం ఊడుస్తాం, మైల మనది కాదు

(బెళుగుప్ప మండలం పల్లెల నుంచి బెంగుళూరు, బళ్లారి, అనంతపురం పోయి బాడుగ ఇండ్లలో కాపురముండే కుటుంబాలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా కొంత కుదించి ఇస్తున్నాం.)



ఈ పొద్దు నాకిచ్చిన విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. బాడుగిల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ ఇల్లు ఎవరు శుభ్రం చేయాల? ఇదీ విషయం. భూమి గురించి మాట్లాడాల, కూలి గురించి మాట్లాడాల, దాడుల గురించి మాట్లాడాల, కసువు ఊడ్చేదానికి కూడా మీటింగు పెడతారా అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒకటే అడుగుతా. మనలను ఊరి బయట పెట్టిన మాట ఏది? అంటు అనే మాట. మైల అనే మాట. మీరు శుభ్రం లేనోళ్లు అని చెప్పే కదా చెరువు దగ్గరికి రానీలేదు, గుడి మెట్టు ఎక్కనీలేదు, హోటల్లో గ్లాసు వేరే పెట్టినారు. కాబట్టి శుభ్రం గురించి లెక్క తేల్చుకోవాల్సింది అందరికన్నా ముందు మనమే.

మన బెళుగుప్ప సంగతి మీకు చెప్పే పని లేదు. వాన వస్తే శెనక్కాయ, రాకపోతే బెంగుళూరు బస్సు. 2012లో హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు మన జీడిపల్లి రిజర్వాయరు దాకా వచ్చినాయి. సంతోషమే. కానీ నీళ్లు పారేది భూమి ఉన్నోని చేలో. భూమి లేనోడు, రెండెకరాల మెట్ట ఉన్నోడు ఇంకా మూట కట్టుకోవాల్సిందే. ఒకాయన గారపని, ఒకామె ఇటుకలు మోసే పని. పిల్లోడు అనంతపురంలో డిగ్రీ చదువుతా నలుగురితో కలిసి రూము తీసుకుంటాడు. పని మేస్త్రీ చూపిస్తాడు. మరి ఇల్లు ఎవరు చూపిస్తారు? అక్కడ మన కులం మన కన్నా ముందు పోయి వాకిట్లో నిలబడి ఉంటుంది.

ఇల్లు అడిగేటప్పుడు వేసే ప్రశ్నలు మీకందరికీ తెలుసు. యా ఊరు? ఎంతమంది? ఏమి పని? ఇంతవరకు సరే. తర్వాత అసలు ప్రశ్న. ‘ఏమోళ్లప్పా మీరు?’ నోరు తెరిచి అడగలేనోడు చుట్టు తిప్పి అడుగుతాడు. ఇంటిపేరు ఏమి? ఇంట్లో ఏమేమి వండుతారు? ఏ దేవునికి మొక్కుతారు? కూలి మనిషినే కాదు, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన మన టీచరును అడుగుతారు, మన నర్సును అడుగుతారు. పని చేసే ఊర్లో ఇల్లు దొరకక రోజూ బస్సులో వచ్చి పోయే మన ఉద్యోగస్తులు ప్రతి తాలూకాలో ఉన్నారు.

ఇది మన అనుమానం కాదు. సుఖదేవ్ థోరట్, ఆయనతో ఉన్న పరిశోధకులు 2012లో ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో పరీక్ష పెట్టి చూసినారు. బాడుగ ఇండ్ల ఓనర్లకు వేరువేరు కులాల, మతాల పేర్లతో ఫోన్లు చేయించినారు. దళిత పేరు చెప్పినవాళ్లలో నూటికి 18 మందికి నేరుగా లేదన్నారు. ఇంకో 23 మందికి ఇస్తాం గానీ అంటూ షరతులు పెట్టినారు. ముస్లిం పేరు చెప్పినవాళ్లకు ఇంకా పెద్ద దెబ్బ. ఈ లెక్క 2015లో అచ్చయింది. దేశ రాజధానిలోనే ఇట్లుంటే మన పక్క చెప్పాల్నా?

ఇల్లు దొరకని బాధ గురించి మనం ఎంతో కొంత మాట్లాడుకుంటాం. ఇల్లు విడిచే పొద్దు జరిగేదాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ పొద్దు వాకిట్లో ఆటో నిలబడి ఉంటుంది, పిల్లలు ఏడుస్తా ఉంటారు, బస్సు టైము అవుతా ఉంటుంది. ఓనరు ఏమి చెబితే దానికి తల ఊపి, ఎంత ఇస్తే అంత తీసుకొని వచ్చేస్తాం. ఆ తొందరలోనే మన లెక్క పోతుంది. దాంతోపాటు మన మర్యాద పోతుంది.

రెండు మురికులు

‘ఇల్లు శుభ్రం చేసి పో’ అని ఓనరు అంటాడు. వినేదానికి ఒక మాట. లోపల రెండు మాటలు ఉన్నాయి.

ఒకటి కంటికి కనిపించే మురికి. దుమ్ము, బూజు, పొయ్యి దగ్గర నూనె జిడ్డు, బచ్చలిలో పాచి, మూలన పడేసిన పాత చెప్పులు, చిరిగిన చాప. ఇది బాపనాయన కాపురం చేసినా వస్తుంది, రెడ్డి చేసినా వస్తుంది, మనం చేసినా వస్తుంది. నీళ్లు పోసి పరకతో రుద్దితే పోతుంది.

రెండోది కంటికి కనిపించని మురికి. అది ఇంట్లో లేదు, ఓనరు తలకాయలో ఉంది. మనం ఎంత కడిగినా పోదు. దానికి ఆయన పసుపునీళ్లు చల్లుతాడు, ఆవు పంచితం చల్లుతాడు, అయ్యవారిని పిలిచి పుణ్యావచనం చేయిస్తాడు. ఆ ఖర్చు మన అడ్వాన్సులో పట్టుకుంటాడు. బయటికి మాత్రం ‘క్లీనింగ్ చార్జీ’ అని చెబుతాడు.

ఈ రెండింటినీ వేరు చేసి చూడడం మనం నేర్చుకోవాల. మొదటిది మన బాధ్యత. తప్పించుకోగూడదు. రెండోది మన బాధ్యత కాదు. దానికి ఒక పైసా కూడా కట్టగూడదు. ఈ పొద్దు నేను చెప్పేది ఇంతే. మిగతాదంతా దీనికి వివరమే.

మన పని ఏది, ఓనరు పని ఏది

మన దేశంలో 1882 నుంచి ఆస్తి బదిలీ చట్టం ఒకటి ఉంది. తెల్లదొరల కాలం నాటిది, ఇంకా అమల్లో ఉంది. అందులో 108వ సెక్షన్‌లో బాడుగకు ఉండేవాడు ఏమి చేయాల, ఓనరు ఏమి చేయాల అని రాసినారు. దాని సారం ఏమంటే, ఇల్లు నీ చేతికి వచ్చినప్పుడు ఎట్లుండిందో, విడిచేటప్పుడు అట్లే అప్పగించాల. అయితే మామూలుగా వాడుకుంటే వచ్చే అరుగుదల నీ నెత్తిన పడదు. గాలివాన, వరద వంటివాటితో జరిగిన నష్టం కూడా పడదు.

ఈ ‘అరుగుదల’ అనే మాట గట్టిగా పట్టుకోండి. మూడేండ్లు ఒక ఇంట్లో కాపురం చేస్తే గోడకు వేసిన రంగు మాసిపోతుంది. సున్నం పెళ్లలు లేస్తాయి. తలుపు గడియ లూజవుతుంది. ఇది తప్పు కాదు, కాలం. బాడుగ నెలనెలా ఇచ్చింది దేనికి? ఆ వాడకానికే. అదే మనం మేకులు కొట్టి గోడ పగలగొట్టినా, కిటికీ అద్దం పిల్లలు బంతితో పగలగొట్టినా, అది అరుగుదల కాదు. మనమే బాగు చేయించి పోవాల.

2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నమూనా అద్దె చట్టం ఒకటి ఆమోదించింది. నమూనా అంటే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా పంచాయితీలో చూపించే దానికి అది మంచి ఆధారం. ఎందుకంటే ఎవరి పని ఏది అని అందులో పట్టిక వేసి ఇచ్చినారు. గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, నీళ్ల పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఓనరు వంతు. మోరీ శుభ్రం చేసుకోవడం, స్విచ్చులు, ప్లగ్గులు, కొళాయి వాషర్లు, కిటికీ అద్దాలు వంటి చిల్లర మరమ్మతులు ఉండేవాని వంతు. కాపురం ఉండే ఇంటికి రెండు నెలల బాడుగ కన్నా ఎక్కువ అడ్వాన్సు తీసుకోగూడదని కూడా అందులో ఉంది. అంటే సున్నం, రంగు ఓనరు వంతు అని ఢిల్లీలో కూర్చున్న వాళ్లే రాసినారు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 1882 చట్టంలో ఆ సెక్షన్ మొదట్లోనే, కాగితంలో వేరే ఒప్పందం గానీ, ఆ చోట వేరే వాడుక గానీ లేకపోతేనే ఈ నియమాలు అన్నారు. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల బాడుగ పెయింటింగు కింద పట్టుకుంటాం అని అగ్రిమెంటులో రాసి ఉండి, మనం దాని కింద సంతకం పెట్టి ఉంటే, తర్వాత అరిచి లాభం లేదు. బెంగుళూరులో ఈ మాట అగ్రిమెంటులోకి ఎక్కించడం మామూలు. కన్నడంలో ఉందో ఇంగ్లీషులో ఉందో మనకు తెలియదు. వేలిముద్ర వేస్తాం. అందుకే చెబుతున్నా, చదువుకున్న మన పిల్లోనితో చదివించుకోకుండా ఏ కాగితం మీదా చేయి పెట్టొద్దు. ఆ మాట కొట్టేయమని అడగండి. కొట్టేయకపోతే, ఎంత పట్టుకుంటారో అంకె రాయమనండి.

అడ్వాన్సు లెక్క

ఇప్పుడొక లెక్క వేస్తాం. ఊరికే లెక్క కోసమే. బెంగుళూరు పక్కన ఒక చిన్న ఇల్లు, బాడుగ నెలకు 5,000 అనుకోండి. అక్కడ పాత అలవాటు పది నెలల అడ్వాన్సు. అంటే 50,000. ఆ లెక్క మనకు యాడిది? వడ్డీకి తెచ్చిందే. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అయితే నెలకు 1,500. మూడేండ్లకు 54,000. అసలు కన్నా వడ్డీ ఎక్కువైంది చూడండి. ఓనరు మాత్రం మన 50,000 పెట్టుకొని మనకు దుగ్గాని వడ్డీ ఇయ్యడు.

ఖాళీ చేసే పొద్దు ఏమి చేస్తాడు? పెయింటింగు 5,000. క్లీనింగు 2,000. కొళాయి, బల్బు, ఇంకేవో 1,000. చేతికి 42,000. అప్పిచ్చినోడు ఊర్లో 50,000 కోసం కూర్చొని ఉంటాడు. ఆ ఎనిమిది వేలు మళ్లీ అప్పు. మళ్లీ వడ్డీ. అంటే ఒక ఇంటి సున్నం కోసం బెళుగుప్పలో ఒక ఆడమనిషి ఎన్ని పొద్దులు కూలికి పోవాల? మీరే లెక్క కట్టుకోండి.

ఆ రంగు నిజంగా వేయిస్తాడా అంటే చాలాచోట్ల వేయించడు. మన వెనక ఇంకొక వలస కుటుంబం అదే గోడల మధ్య దిగుతుంది. వాళ్ల దగ్గర కూడా అదే సున్నానికి మళ్లీ పట్టుకుంటాడు. ఒకే గోడ, ఒకే సున్నం, ముగ్గురి దగ్గర వసూలు. ఇది అందరు పేదలకూ జరుగుతుంది, మనకొక్కరికే కాదు. అందుకే దీని మీద బీసీలు, ముస్లింలు, అందరు కూలీలు కలిసి అడగాల. కాకపోతే మన విషయంలో దీని మీద ఇంకొక పొర ఉంది. అది మైల పొర.

కడిగిన కథలు

ఈ పొర కొత్తది కాదు. బాబాసాహెబ్ జీవితంలోనే చూడండి.

1917లో ఆయన అమెరికాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినారు. సంస్థానం చదివించిన మనిషి. కానీ ఊర్లో తల దాచుకునేదానికి ఇల్లు లేదు. హిందూ హోటల్లో దిగనియ్యరు. చివరికి ఒక పార్శీ సత్రంలో, రోజుకు రూపాయిన్నర బాడుగతో, పార్శీ పేరు రాయించుకొని ఉన్నారు. పదకొండో పొద్దు ఆఫీసుకు బయలుదేరుతుంటే డజను మంది కట్టెలు పట్టుకొని వచ్చినారు. సత్రం మైల చేసినావు, సాయంత్రానికి ఇక్కడ కనపడగూడదు అన్నారు. ఆశ్రయం కోసం ఆయన ఇద్దరు స్నేహితులను అడిగినారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నారు. ఆ పొద్దు ఊర్లోని పార్కులో కూర్చొని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయినారు.

ఇది గమనించండి. ఆయన బాడుగ ఎగ్గొట్టలేదు. గది పాడు చేయలేదు. సత్రం వాళ్లకు పోయింది ఏమీ లేదు. అయినా మైల చేసినావన్నారు. మైల అనేది గదిలో ఉండే మురికి కాదనేదానికి ఇంతకన్నా రుజువు ఏమి కావాల? పెద్ద చదువు కూడా దాన్ని కడగలేదు. సబ్బు కడుగుతుందా?

పదేండ్ల తర్వాత, 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేల మందితో పోయి చౌదార్ చెరువు నీళ్లు తాగినారు. పశువులు దిగే చెరువు అది. మన మనుషులు దోసిలి పట్టినారని అక్కడి సవర్ణులు ఏమి చేసినారు? 108 కుండలతో పేడ, పంచితం, పాలు, పెరుగు పోసి చెరువును ‘శుద్ధి’ చేసినారు. పేడ పోస్తే శుభ్రమైందట, మనిషి తాగితే మురికి అయిందట. తర్వాత కోర్టుకు పోయినారు. 1937లో బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పింది. నీళ్లు తాగిన పదేండ్లకు.

అప్పటి సంగతులు ఇప్పుడెందుకు అంటారా? 1998 జూలైలో అలహాబాద్ హైకోర్టులో ఒక జడ్జి తన గదిని గంగాజలంతో కడిగించుకున్నాడని వార్త వచ్చింది. కారణం, ఆయన కన్నా ముందు ఆ గదిలో కూర్చున్న జడ్జి దళితుడు. మరుసటి ఏడు హ్యూమన్ రైట్స్ వాచ్ తన నివేదికలో కూడా దీన్ని రాసింది. హైకోర్టు గదినే కడిగితే, మూడు వేల బాడుగ రూములో మన పిల్లోడు ఖాళీ చేసినంక కడగరా? కడుగుతారు. కడుక్కోనీ. వాని ఇల్లు, వాని నీళ్లు. కానీ ఆ నీళ్లకు బిల్లు మన పేరు మీద రాసే హక్కు వానికి లేదు. మన కండ్ల ముందర, వీధి చూస్తుండగా, కులం పేరు ఎత్తి కడిగితే అది నేరం. దాని సంగతి తర్వాత చెబుతా.

పరక ఎవరి చేతిలో ఉంది

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. ఓనరు అవమానం చేస్తాడనే కోపంతో ఇల్లు యథాతథంగా పారేసి, కసువు కుప్ప వదిలి, ‘వాడే ఊడ్చుకోనీ’ అని వచ్చేసేవాళ్లు మనలో ఉన్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మనం వదిలిపెట్టిన కసువును ఓనరు వంగి ఊడుస్తాడా? ఊడ్వడు. ఒక మనిషిని పిలుస్తాడు. వచ్చే మనిషి ఎవరు? నూరు రూపాయలకు, రెండు నూర్లకు వచ్చేది మన అక్కే. బెంగుళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎంతమంది మన తెలుగు మాదిగ ఆడవాళ్లో అక్కడ పొద్దన్నే నాలుగు గంటలకు లేచి చూడండి. ఓనరు మీద కోపంతో పారేసిన కసువు చివరికి మన అక్క నెత్తిమీదికే చేరుతుంది.

కాబట్టి మన ఇల్లు మనం ఊడ్చి పోవడం ఓనరుకు చేసే ఊడిగం కాదు. మన తర్వాత వచ్చే కూలి కుటుంబానికి, మన తర్వాత పరక పట్టే ఆడమనిషికి ఇచ్చే మర్యాద. ఊడ్చే పని తక్కువ పని కాదు. ఒకే కులం మీద, ఒకే కులంలోని ఆడవాళ్ల మీద దాన్ని రుద్దడం తక్కువ పని.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఖాళీ చేసే పొద్దు మగాయన ఆటో మాట్లాడే దానికి పోతాడు, టీ తాగే దానికి పోతాడు. సామాను కట్టేది, బండలు కడిగేది, బచ్చలి రుద్దేది ఆమె. ఉద్యమం అని తిరిగే మన కార్యకర్తలు కూడా దీనికి మినహాయింపు కాదు. బయట బ్రాహ్మణవాదాన్ని తిట్టి, ఇంట్లో పరక ఆడదాని పని అంటే అది కూడా మనువు చెప్పిన మాటే. ఆ పొద్దు మగవాళ్లు కూడా పరక పట్టండి.

మూడో మాట గట్టిగా చెబుతా. సెప్టిక్ ట్యాంకు గుంత. కొందరు ఓనర్లు ఖాళీ చేసేటప్పుడు ‘గుంత నిండింది, ఎత్తించి పో’ అంటారు. ఎట్లా మీకు అలవాటే కదా అని కూడా అంటారు. దిగొద్దు. ఎవరినీ దింపొద్దు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో దించడం నేరం. మొదటిసారే రెండేండ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన పక్కనే కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతో ఉన్నవాళ్లు సఫాయి కర్మచారి ఆందోళన్ పేరుతో ఏండ్ల తరబడి సుప్రీంకోర్టులో కొట్లాడినారు. 2014 తీర్పులో, అట్లా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇయ్యాలన్నారు. 2023 అక్టోబరులో ఇంకొక కేసులో సుప్రీంకోర్టు దాన్ని ముప్పై లక్షలు చేసింది. ముప్పై లక్షలు వస్తే మనిషి తిరిగి వస్తాడా? గుంత ఎత్తాల్సింది మిషను. మిషను పిలిపించాల్సింది ఓనరు.

ఇంకొక సంగతి, మనకు మనమే చెప్పుకోవాల్సింది. మన కాలనీల్లో కూడా ఇప్పుడు పైన రెండు గదులు వేసి బాడుగకు ఇచ్చేవాళ్లు తయారైనారు. మంచిదే. కానీ మాల ఇంట్లో మాదిగకు రూము లేదంటే, మాదిగ ఇంట్లో డక్కలోళ్లకు లేదంటే, మన నోట్లోనుంచి కూడా ‘ఏమోళ్లప్పా’ అనే మాట వస్తే, ఇక బాబాసాహెబ్ ఫోటోకు దండ వేసి ఏమి లాభం? మన ఇంట్లో ఉండి పోయినవాళ్ల అడ్వాన్సులో కూడా ఉత్త సున్నం పేరు చెప్పి పట్టుకోవద్దు. ఓనరైనంత మాత్రాన ఓనరు బుద్ధి పట్టాల్సిన పని లేదు.

ఏమి చేయాల

మాటలు చాలు. ఇవి రాసుకోండి. చదువు రానివాళ్లకు పక్కనున్నవాళ్లు చెప్పండి.

ఒకటి. ఇంట్లో దిగే పొద్దే ఇల్లంతా ఫోనులో ఫోటోలు తీయండి. గోడలు, బచ్చలి, కొళాయిలు, పగిలిన బండలు, కరెంటు మీటరు అంకె. ఓనరుకు కూడా ఆ ఫోటోలు పంపండి. అప్పుడు మనం రాకముందు నుంచే పగిలి ఉన్న బండ మన ఖాతాలో పడదు.

రెండు. అడ్వాన్సు నోటి మాట మీద ఇయ్యొద్దు. రసీదు తీసుకోండి. లేదంటే బ్యాంకులో వేయండి, ఫోనులో పంపండి. గుర్తు ఉంటుంది.

మూడు. విడిచే ముందు నోటీసు ఇయ్యండి. నెలనెలా బాడుగ కట్టే ఇంటికి, కాగితంలో వేరే రాసుకోకపోతే, 1882 చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 పొద్దుల ముందు చెప్పాల. ఇది రెండు వైపులా వర్తిస్తుంది. ‘సాయంత్రానికి ఖాళీ చెయ్’ అనే హక్కు ఓనరుకూ లేదు.

నాలుగు. సామాను ఎత్తినంక ఇల్లు మొత్తం ఊడ్వండి. బూజు దులపండి. పొయ్యి గట్టు, బచ్చలి, మరుగుదొడ్డి రుద్ది కడగండి. మోరీలో అడ్డం పడింది తీయండి. కసువు మూటకట్టి మున్సిపాలిటీ బండిలో వేయండి, పక్కనోని ఖాళీ జాగాలో పారేయొద్దు. కరెంటు, నీళ్ల బిల్లు కట్టి రసీదు పెట్టుకోండి. మళ్లీ ఫోటోలు తీయండి.

ఐదు. ఒక్కరే పోయి తాళం చెవి ఇయ్యొద్దు. పక్కింటాయన్నో, మేస్త్రీనో, మన సంఘం మనిషినో తోడు తీసుకొని పోండి. ఇల్లు చూపించండి. అప్పుడే లెక్క అడగండి. ఏదైనా పట్టుకుంటే దేనికి ఎంత అని కాగితం మీద రాయించండి. ‘పుణ్యావచనం 1,500’ అని ఏ ఓనరూ కాగితం మీద రాయలేడు. రాస్తే ఆ కాగితమే మనకు సాక్ష్యం.

ఆరు. ఇయ్యకపోతే ఊరికే రావొద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. అనంతపురం జిల్లా కోర్టులో ఆ సంస్థ ఉంది. కర్ణాటకలో కూడా ఉంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టి రాజీ చేయించవచ్చు. నోటీసు ఒకటి పోతే చాలు, చాలామంది ఓనర్లు దారికి వస్తారు.

ఏడు. కులం పేరు ఎత్తి తిడితే, మన ముందరే వాకిలి కడిగి అవమానం చేస్తే, అది లెక్క తగాదా కాదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల చట్టం కింద అంటరానితనం పేరుతో అవమానించడం నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నలుగురు చూసే చోట కులం పేరుతో తిట్టడం నేరం. ‘నలుగురు చూసే చోట’ అనే మాట మరువద్దు. నాలుగు గోడల మధ్య, బయటి సాక్షి లేకుండా అన్న మాటకు కేసు నిలవదని 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. సాక్షిని తోడు తీసుకొని పొమ్మన్నది అందుకే. విచారణ చేసినంకనే రాసుకుంటాం అని పోలీసులు అంటే, 2018 సవరణ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదని చెప్పండి. ఈ కేసులకు సాయం నంబరు 14566.

కార్యకర్తలకు ఒక మాట. ప్రతి పల్లెలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరు ఏ ఊర్లో బాడుగకు ఉన్నారు, అడ్వాన్సు ఎంత కట్టినారు, విడిచేటప్పుడు ఎంత పట్టుకున్నారు, ఏమి పేరు చెప్పి పట్టుకున్నారు అని రాయండి. పది పల్లెల పుస్తకాలు కలిస్తే మన దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఇది ఒక కుటుంబం ఏడుపు కాదు, ఒక వర్గం మీద నడుస్తున్న దోపిడీ అని అప్పుడు చెప్పగలుగుతాం. కర్ణాటకలోని దళిత సంఘాలతో మాట్లాడేదానికి కూడా ఆ లెక్కే పనికి వస్తుంది.

చివరి మాట. ఊర్లు శుభ్రం చేసిన జాతి మనది. చచ్చిన గొడ్డును ఎత్తింది మనమే, వీధి ఊడ్చింది మనమే, మోరీలో దిగి చచ్చింది మనమే. మనలను చూసి శుభ్రం నేర్చుకోండి అనే ధైర్యం ఎవరికైనా ఉంటే అది మనకు ఉండాల. కాబట్టి తాళం చెవి ఇచ్చే పొద్దు తల దించుకొని నిలబడొద్దు. ఇల్లు అద్దంలా పెట్టి, ఫోటో చేతిలో పెట్టుకొని, ‘అయ్యా, ఇదీ నీ ఇల్లు. ఇదీ నా లెక్క. ఇయ్యి’ అని అడగండి.

మట్టి మనం ఊడుస్తాం. మైల ఎవరి తలకాయలో ఉందో వాళ్లే కడుక్కోనీ.

జై భీం.